బందెల దొడ్డి గేటుకి అంటించిన నోటీసు

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. చాప చాలకపోతే గడప మీద కూర్చోండి. ఫోన్లు కాసేపు ఒళ్ళో బోర్లా పెట్టండి, అవేం పారిపోవు. ఈ మధ్యే ఉద్యోగాల్లో చేరిన పిల్లలు మీరు. సచివాలయాల్లో కొందరు, మండలాఫీసుల్లో కొందరు. మీకు నా గొప్ప చెప్పడానికి పిలవలేదు. నేను చేసిన ఒక తప్పు చెబుతాను. ఆ తప్పు వల్ల నాకు కనిపించిన మనుషుల గురించి చెబుతాను. అసలు సంగతి ఆ మనుషులే.

నేను ఐదో తరగతి దాటలేదు. మా ఆయన కుళాయిలు తిప్పే పని చేసేవాడు. ఆయన పోయాక ఆ ఆఫీసులోనే నాకు అటెండరు పని ఇచ్చారు. చోడవరంలో ఆఫీసులకి కొదవలేదు కాబట్టి అది ఏ ఆఫీసో చెప్పను. ఊరి దీపాలు, ఊరి నీళ్ళు, ఊరి స్థలాలు చూసేది అనుకోండి, చాలు. మనుషుల పేర్లు కూడా చెప్పను. బతికున్నవాళ్ళు మొహమాటపడతారు, పోయినవాళ్ళు వచ్చి జవాబు చెప్పుకోలేరు.

బందెల దొడ్డి అంటే మీలో సగం మందికి తెలియదు. ఎవరి పశువైనా చేలో పడి మేస్తే ఆ రైతు దాన్ని తోలుకొచ్చి అప్పగించే చోటు అది. పశువు గలవాళ్ళు వచ్చి జరిమానా కట్టి విడిపించుకుపోవాలి. చెరకు తోటల మధ్య ఊళ్ళు మనవి. లేత చెరకు మీద పడ్డ ఆవు ఒక్క పూటలో ఎంత నష్టం చేస్తుందో రైతుబిడ్డలకి చెప్పక్కర్లేదు. రావికమతం వైపు నుంచి, కె.కోటపాడు వైపు నుంచి సంతకి తోలుకొచ్చినవి తప్పిపోయినా అక్కడికే చేరేవి. దొడ్డికి ఒక కాపరి ఉండేవాడు. తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి, ఎడ్లు తగ్గాయి. కాపరి చనిపోయాడు. ఆ పోస్టులో మళ్ళీ ఎవరినీ వెయ్యలేదు. మెయిన్ రోడ్డు వైపున్న ఇనప గేటుకి తాళం పడింది. లోపల సర్కారు తుమ్మ మొలిచి గోడ ఎత్తు దాటింది. గేటుకి ఎప్పుడూ ఏదో ఒక ఫ్లెక్సీ వేలాడుతూ ఉండేది. బస్సు దిగి పోయేవాళ్ళకి అదొక పాడుబడ్డ స్థలం, అంతే.

దొడ్డికి వెనక ఇంకో దారి ఉంది. పారిశుధ్యం వాళ్ళ ఇళ్ళ మధ్య నుంచి బురద సందులో వెళితే చిన్న తడక తలుపు వస్తుంది. అక్కడ పెంకుల సావిడిలో కాపరి భార్య ఒక్కతే ఉండేది. మా ఆయన ఆవిడని అత్తా అని పిలిచేవాడు, నేనూ అలాగే పిలిచేదాన్ని. వీధిలో కనిపిస్తే పలకరింపే తప్ప ఏళ్ళ తరబడి నేను ఆ సందులో అడుగు పెట్టలేదు. అక్కడ ఒక ముసలమ్మ ఉంటుందని ఆఫీసులో అందరికీ తెలుసు. ఏం చేస్తుందో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు.

ఇలా ఉండగా ఆ స్థలం మీద రెండు చూపులు పడ్డాయి. ఒకటి మా ఆఫీసుది. వాడకంలో లేని స్థలాలన్నీ జాబితా రాయండి, వేలం పాట పెట్టి షాపులు కట్టిద్దాం అని పైనుంచి కాగితం వచ్చింది. రెండోది ఒక కాలేజీ లెక్చరరు గారిది. ఆ భూమి పూర్వం వాళ్ళ తాతగారు ఊరికి రాసిచ్చినది. పశువుల బందెకి వాడినంత కాలం ఊరిది, వాడకం మానేసిన నాడు మా వంశానికి తిరిగి రావాలి అని ఆ దానపత్రంలో ఉంది. ఆయన నకలు పట్టుకొచ్చి అర్జీ పెట్టాడు.

తమాషా చూశారా? ఇద్దరికీ కావలసింది ఒకే మాట: వాడకంలో లేదు. వాడకంలో లేదు కాబట్టి అమ్ముతాం అని మేము, వాడకంలో లేదు కాబట్టి ఇచ్చెయ్యండి అని ఆయన. ఎవరు గెలిచినా ఆ ముసలమ్మ తడక తలుపు బయటికి రావలసిందే. ఆవిడకి వేరే కొంప లేదు, పిల్లలు లేరు.

ఫైలు రాసేది మా గుమస్తా. మా ఆయన్ని అన్నా అనేవాడు కాబట్టి నన్ను వదినా అనేవాడు. కుర్చీలోంచి లేవకుండా ఊరంతా తిరిగి చూసినట్టు రాయగల మనిషి. ముత్యాల్లాంటి అక్షరాలు. ఏ కాగితం ఎక్కడుందో కళ్ళు మూసుకుని తీసేవాడు. చెడ్డవాడు కాదు. ఆఫీసు కాగితం ఎలా చదవాలో నాకు నేర్పింది ఆయనే. కాకపోతే ఆయన దృష్టిలో ఊరంటే బీరువాలో ఉన్నదే.

ఆ వేసవిలో మాకు కొత్త ఆఫీసరమ్మ వచ్చింది. ముప్ఫై దాటిందో లేదో. మేడమ్ అనేవాళ్ళం. పెద్దగా మాట్లాడేది కాదు, గొంతు పెంచేది కాదు. ఒక్క అలవాటు మాత్రం మా అందరికీ గుబులు పుట్టించేది. సంతకానికి కాగితం పెడితే ఎవరు రాశారు అని అడగదు, ఎవరు చూశారు అని అడుగుతుంది. మొదటి నెలలో మా గుమస్తా ఆ ప్రశ్నకి నాలుగుసార్లు నీళ్ళు నమిలాడు.

స్థలంలో ఎవరైనా ఉంటే వాళ్ళకి ముందు నోటీసు ఇవ్వాలి, అభ్యంతరం ఉంటే గడువు లోపల చెప్పుకోమనాలి. అది పద్ధతి. నోటీసు ఇచ్చేది అటెండరు, అంటే నేను. మనిషి చేతికి ఇచ్చి వేలిముద్ర తీసుకోవాలి. మనిషి లేకపోతే ఇద్దరు సాక్షుల ఎదుట తలుపుకి అంటించి రావాలి.

ఆ రోజు తొలకరి పడి రోడ్లన్నీ చిత్తడి. మా ఆడపడుచు కూతురి నిశ్చితార్థం కె.కోటపాడులో. కొత్త పట్టుచీర కట్టుకుని ఆఫీసుకి వచ్చాను, మధ్యాహ్నం షేరు ఆటో పట్టుకుందామని. గుమస్తా నోటీసు చేతికిచ్చాడు.

“వదినా, ఇది ఇవాళే అంటించీయాల. రేపటికి ఒగ్గీకు.”

“ఎనక సందులోంచి ఎల్లాల గదా బాబూ. మోకాల్లోతు బురద.”

“ఎనక్కెందుకు? ఎదర గేటు నేదేటి? గేటంటే తలుపే. అంటించీసి, ఎల్లి కూడు తిను.”

నాకు కావలసిన మాట ఆయన నోట వచ్చింది. మైదా ఉడకేసిన డబ్బా పట్టుకుని రోడ్డు మీద గేటు దగ్గరికి వెళ్ళాను. తాళం తుప్పు పట్టి ఉంది. ఆ గేటు ఎవరూ తియ్యరని నాకు తెలుసు. అత్త వెనక తడక తలుపు నుంచే వచ్చిపోతుందనీ, ఆ వేళకి ఇంట్లోనే ఉంటుందనీ తెలుసు. అన్నీ తెలిసే అంటించాను. టీ కొట్టు అతన్నీ, సెల్‌ఫోన్ కొట్టు అతన్నీ పిలిచి సాక్షి సంతకాలు పెట్టించాను. మనిషి లేనందున తలుపుకి అంటించడమైనది అని గుమస్తా ముందే రాసి ఉంచాడు. దాని కింద నేను నా సంతకం పెట్టాను.

మర్నాడు ఎవరిదో పుట్టినరోజు. ఏ నాయకుడిదో చెప్పను, అందరికీ పుట్టినరోజులుంటాయి. గేటు మొత్తం కప్పేసేలా పెద్ద ఫ్లెక్సీ కట్టారు. నా నోటీసు దాని వెనక్కి పోయింది. రోజూ ఆఫీసుకి వెళుతూ ఆ ఫ్లెక్సీ చూసేదాన్ని. చూసి తల తిప్పుకునేదాన్ని.

గడువు అయిపోయింది. అభ్యంతరం ఏదీ రాలేదు, స్థలం శిథిలము, వాడకంలో లేదు, మిగులు స్థలముగా ప్రకటించవచ్చును అని గుమస్తా ఫైలు పెట్టాడు. మేడమ్ చదివింది.

“ఎవరు చూశారు?”

“ఊరందరికీ తెలిసిందే మేడమ్. రోడ్డు మీదే ఉంది.”

“రోడ్డు మీంచి చూశారన్నమాట.” అంటూ పెన్ను మూత పెట్టేసింది. “రేపు నేను వస్తాను.”

పాటకి వచ్చేవాళ్ళకి స్థలం కనబడాలి కదా అని గుమస్తా పొదలు తీయడానికి జేసీబీ మాట్లాడాడు. మేడమ్ సరే అంది, కానీ తాను వచ్చాకే మొదలుపెట్టమంది.

మర్నాడు పొద్దున్నే అందరం గేటు దగ్గర చేరాం. మేడమ్, గుమస్తా, ఫైలు మోస్తూ నేను. తుప్పు పట్టిన తాళం ఊడి రాలేదు. జేసీబీ డ్రైవరు గేటుని మెల్లగా తోశాడు. ఫ్లెక్సీ చిరిగి కింద పడింది. దాని వెనక నా నోటీసు అలాగే ఉంది, మూలలు కూడా లేవకుండా. మైదా బాగా ఉడకేశాను మరి. మేడమ్ దగ్గరికి వెళ్ళి మొదటి నుంచి చివరి దాకా చదివింది.

అప్పుడే పొదల వెనక నుంచి ఆవు అరిచింది.

అందరం మొహాలు చూసుకున్నాం. వాడకంలో లేని స్థలం అరవదు కదా.

ఆగమని ఎవరైనా అనేలోపే డ్రైవరు పొదల్లోకి బండి పోనిచ్చాడు. నాలుగు తుమ్మ మొక్కలు ఫెళ్ళున పడ్డాయో లేదో, అవతలి నుంచి చీపురుకట్ట పట్టుకుని అత్త పరుగెత్తుకొచ్చింది. నడుము వంగిన మనిషి ఆ పరుగు ఎలా పరుగెత్తిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

“ఒరే ఒరే, ఆపరా! సూడి ఆవు ఉన్నాది, బెదిరిపోతాది! ఎవుడ్రా నీకు సెప్పినోడు?”

“నాకేటి తెలుసు మామ్మా? తియ్యమన్నారు, తీస్తన్నాను.”

“తియ్యమంటే మీ ఇల్లు కూడా తీసీసుకుంటావేట్రా?”

బండి ఆగింది. మేడమ్ ముందుకెళ్ళింది.

“అమ్మా, నేను ఆఫీసు నుంచి వచ్చాను. మీకు నోటీసు అందలేదా?”

“నోటీసేటి తల్లీ? నాకెవులూ ఏటీ ఇవ్వనేదు.”

“ఈ గేటుకి అంటించారు.”

అత్త గేటు వంక చూసింది. “ఆ గేటా? మా ముసలోడు పోయిన కాడి నుంచి తియ్యనేదు తల్లీ. నాను ఎనక తలుపులోంచి కదా వొస్తాను, పోతాను. ఈ అమ్మికి తెలుసు” అని నా వైపు చెయ్యి చూపించింది. తప్పు పట్టడానికి కాదు. తెలిసిన మనిషిని, సాక్ష్యం చెబుతానని.

మేడమ్ నా వైపు తిరిగింది. “మీకు తెలుసా?”

గుమస్తా నా వెనకే ఉన్నాడు. గొంతు తగ్గించి అన్నాడు, “వదినా, ఆ రోజు పిలిచేను, పలకనేదు అని సెప్పీ. అయిపోతాది.”

నిజంగానే అయిపోయేది. సాక్షి సంతకాలున్నాయి, కాగితం సరిగ్గా ఉంది. నేను ఆ ఒక్క మాట అంటే తప్పు ముసలమ్మ చెవుల మీదకి పోతుంది, బండి మళ్ళీ కదులుతుంది. నాకు రిటైరవడానికి ఇంకా రెండేళ్ళుంది. మా ఇల్లు నడిచేది ఆ జీతం మీదే. ఇవన్నీ ఒక్క క్షణంలో తలలో తిరిగాయి. అత్త మాత్రం నా మొహంలోకి చూస్తూ నిలబడింది, నేను నిజమే చెబుతానని ఏ అనుమానమూ లేకుండా. ఆ చూపు లేకపోతే నేను ఏం చెప్పి ఉండేదాన్నో తెలియదు. నా మీద నాకు అంత నమ్మకం లేదు.

“తెలుసండీ. ఈ గేటు ఎవులూ తియ్యరని తెలిసే అంటించేను. ఎనక సందు బురదని ఎల్లనేదు.”

మేడమ్ జేసీబీ దగ్గరికి నడిచింది. డ్రైవరుతో అంది, “బాబూ, బండి వెనక్కి తీసుకెళ్ళిపో.”

“మేడమ్, మళ్ళీ బండి దొరకదు” అన్నాడు గుమస్తా.

“దొరక్కపోతే మంచిదే. పదండి, వెనక దారి చూపించండి.”

అందరం బురద సందులోంచి వెళ్ళాం. గుమస్తా తెల్ల ప్యాంటు మోకాళ్ళ దాకా మడతపెట్టాడు. సందులో ఆడవాళ్ళు గుమ్మాల్లో నిలబడి, “ఏటి బాబూ, దారి తప్పిపోనారా?” అని నవ్వారు. ఇన్నేళ్ళ సర్వీసులో ఆయన అక్కడికి రావడం అదే మొదటిసారని వాళ్ళకి తెలుసు.

తడక తలుపు తీస్తే లోపల వేరే లోకం. రోడ్డు వైపు అడవి, ఇటు వైపు అలికినట్టున్న వాకిలి. సిమెంటు తొట్టె నిండా నీళ్ళు. ఆరు పశువులు వరసగా కట్టి ఉన్నాయి. అందులో ఒకటి చూలుది. ఒక దూడ కాలికి గుడ్డ కట్టి ఉంది.

“ఇవి ఎవరివమ్మా?” అంది మేడమ్.

“ఆ ఎర్రది దేవరాపల్లోళ్ళది గావాల, సంతలో తప్పిపోయింది. ఈ రొండూ రోడ్డు మీద తొంగుంటే కుర్రోళ్ళు తోలుకొచ్చేరు, లారీ గుద్దీస్తాదని. దూడకి ఆటో తగిలింది. ఆ ఇద్దరూ సెరకు తోటలో పడ్డారు.”

పశువుల్ని కూడా ఆవిడ అప్పుడప్పుడు మనుషుల్లాగే అనేది.

“మరి జరిమానా తీసుకుంటారా?”

“నాకు రసీదు పుస్తకం ఏదీ తల్లీ? రసీదు నేకుండా డబ్బు ముట్టుకోకూడదని మా ముసలోడు సెప్పీవోడు. అందుకే ఓ గడ్డిమోపు అడుగుతాను. ఆటికే పెడతాను.”

మేడమ్ తల ఎత్తి సావిడి కప్పు వైపు చూసింది. నేనూ చూశాను. వాసాల నుంచి తాళ్ళు వేలాడుతున్నాయి. పది కాదు, ఇరవై కాదు, గబ్బిలాల్లా కప్పంతా తాళ్ళే. మన వైపు ఒక ఆచారం ఉండేది, మీకు తెలియదు. బందె నుంచి పశువుని విడిపించుకుని పోయేటప్పుడు పాత పలుపుతో తోలుకుపోకూడదు. పాతది దొడ్డిలోనే వదిలేసి, కొత్త పలుపు కట్టి తీసుకుపోవాలి. పాత తాడుతో పోతే పశువు మళ్ళీ బందెకి వస్తుందని నమ్మకం. వదిలేసిన తాళ్ళని కాపరి పారెయ్యడు. ఒక్కో పశువుకి ఒక్కో గుర్తు.

అటు మూల జనపనార తాళ్ళు, నల్లబడి, చిక్కిపోయి. అవి కాపరి ఉన్న రోజులవి. దాని పక్కన కొబ్బరి పీచువి. ఇటు వస్తే నైలానువి, నీలం, ఎరుపు, పసుపు. తలుపు దగ్గర ఉన్నవి ఇంకా మెరుస్తున్నాయి. మేడమ్ ఒక్కొక్క తాడు పట్టుకుని చూస్తూ నడిచింది. అత్త పక్కనే నడుస్తూ చెప్పుకుపోయింది. ఇది ఫలానా రైతు గేదెది, ఇది వరదొచ్చిన ఏడాది కొట్టుకొచ్చినది, ఇది విడిపించడానికి ఎవరూ రాక నా దగ్గరే ముసలిదై పోయినది. నా జ్ఞాపకం గొప్పదని మీరంటారు గానీ, ఆవిడ ముందు నాదెంత!

“తాళ్ళు సాక్ష్యమా మేడమ్?” అన్నాడు గుమస్తా.

“మీ ఫైల్లో ఇంతకన్నా సాక్ష్యం ఉందా?” అంది మేడమ్, కోపంగా కాదు, నిజంగా అడిగినట్టు.

ఇంతలో జేసీబీ వచ్చిందని విని లెక్చరరు గారు స్కూటరు మీద వచ్చాడు. మర్యాదస్తుడు, ఇస్త్రీ చొక్కా, చేతిలో దానపత్రం నకలు. లోపలికొచ్చి పశువుల్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

“వాడకంలో లేదని మీ అర్జీలో రాశారు సార్” అంది మేడమ్.

“గేటుకి తాళం చూసి రాశానండీ. ఇవి ఇక్కడున్నాయని నాకు తెలియదు. అయినా ఈవిడ సొంతంగా పెంచుకుంటున్నారేమో. బందె అంటే ఆఫీసు నడిపేది కదా?”

అత్త ఆయన్ని ఎగాదిగా చూసింది. “నువ్వు ఆ మాస్టారమ్మ కొడుకువి కావూ? తెల్ల మచ్చల ఆవు మీదే గదా బాబూ?” అని చకచకా వెళ్ళి ఒక ఎర్ర నైలాను తాడు చూపించింది. “ఇది మీ ఇంటిదే. మొన్న సలికాలంలో తోటోళ్ళు తోలుకొచ్చేరు. మీ అమ్మే ఆటోలో వొచ్చి తీసుకెల్లింది.”

“మా ఆవు తప్పిపోలేదే!”

“నీకు సెప్పనేదు గావాల. సెబితే ఆవుని అమ్మీమంటావని.”

ఆయన నమ్మలేదు. అక్కడే వాళ్ళమ్మకి ఫోను చేశాడు. పెద్దావిడ ఫోనులో కేకేసి మాట్లాడుతుంది, అందరికీ వినబడింది.

“ఎక్కడున్నావురా?”

“బందెల దొడ్డిలో అమ్మా. మన ఆవు ఇక్కడికి...”

“ఆ ముసలమ్మ సెప్పీసిందా? సెప్పొద్దన్నాను కదా! రొండ్రోజులు కనబడకపోతే ఏడుచుకున్నాను. ఆ తల్లి కట్టి ఉంచకపోతే ఏ లారీలోనో ఎల్లిపోయీదే. నువ్వు పొద్దుటే తాగీ కాఫీలో పాలెక్కడివనుకున్నావురా? అసలు అక్కడికెందుకెల్లేవు?”

ఆయన ఫోను జేబులో పెట్టుకుని, చేతిలోని నకలు కాగితం నాలుగు మడతలు పెట్టాడు. “మేడమ్, మా తాత ఎందుకిచ్చాడో ఆ పని జరుగుతోంది. నేను అర్జీ వెనక్కి తీసుకుంటాను” అన్నాడు. ఆయన ఊరి నడిబొడ్డున స్థలం వదులుకున్నాడండీ, ఒక్క నిమిషంలో. కోర్టుకి పోతే ఏళ్ళ తరబడి లాగగలిగేవాడు. అలాంటివాళ్ళు కూడా మన మధ్య ఉన్నారు, గుర్తుపెట్టుకోండి.

మేడమ్ తొట్టె గట్టు మీద కూర్చుని తన చేత్తో పంచనామా రాసింది. ఒక్కో ముక్క పైకి చదివి, సరేనా అమ్మా అని అడిగేది. షెడ్డులో ఆరు పశువులు అని చదివితే, “షెడ్డు కాదు తల్లీ, సావిడి అని రాయి. మా ముసలోడు కట్టేడు” అంది అత్త. మేడమ్ కొట్టేసి సావిడి అని రాసింది. చివర ఈ వాక్యం పెట్టింది, నాకిప్పటికీ నోటికి వచ్చు: “జీతం లేకుండా, ఉత్తర్వు లేకుండా, ఊరి స్థలంలో ఊరి పని ఆగకుండా జరుగుచున్నది. కావున ఇది వాడకంలో ఉన్న స్థలము.” ఆ ఒక్క ముక్కతో అది మిగులు జాబితాలోంచి పోయింది.

నన్ను మెచ్చుకుందనుకుంటున్నారా? మర్నాడు నా బల్ల మీద మెమో పెట్టింది. తెలిసీ తప్పు తలుపుకి నోటీసు అంటించినందుకు సంజాయిషీ ఇవ్వమని. గుమస్తా జాలిపడ్డాడు. “జొరం వొచ్చిందని రాద్దాం వదినా, నాను రాసిస్తాను” అన్నాడు. వద్దన్నాను. మధ్యాహ్నం డబ్బా తినడం మానేసి నేనే రాశాను: “కొత్త చీర. సందులో బురద. ఫంక్షనుకి తొందర. వెళ్ళలేదు. తప్పు నాది.” మేడమ్ అది చదివి నవ్వు ఆపుకుంది. “ఈ ఆఫీసుకి వచ్చాక నాకు పూర్తిగా అర్థమైన మొదటి సంజాయిషీ ఇది” అంది. కానీ మెమో రద్దు చెయ్యలేదు. సర్వీసు పుస్తకంలో అది ఉంది. ఉండాలి కూడా. అదే ఫైల్లో తన గురించీ ఒక ముక్క రాసుకుందని తర్వాత గుమస్తా చూపించాడు. స్థలం చూడకముందే పొదలు తీయడానికి ఒప్పుకోవడం తన పొరపాటు అని. పై అధికారి చదివే కాగితంలో తన తప్పు తానే రాసుకున్న మనిషిని నేను ఆవిడనొక్కదాన్నే చూశాను.

స్థలం నిలబడింది గానీ, అందులో అత్త ఉండవచ్చా లేదా అన్నది తేలలేదు. ఆఫీసు స్థలంలో ఆర్డరు లేని మనిషి ఎలా ఉంటుందని ఊరి స్థలాల మీద తీర్మానాలు చేసే కమిటీలో కొందరు అడిగారు. షాపులు పోయాయన్న కడుపుమంట కూడా ఉంది లెండి. ఆవిడని పిలిచి అడగనిదే ఏమీ రాయనని మేడమ్ పట్టుపట్టింది. అందుకని ఇంకో నోటీసు.

ఈసారి పాత నూలు చీర కట్టుకుని వెనక సందులోంచి వెళ్ళాను. అత్త దూడ కాలికి పసుపు రాస్తోంది. కాగితం చేతికిచ్చాను.

“ఇదేటమ్మీ? మళ్ళీ ఎల్లిపొమ్మనేటి?”

“కాదత్తా. ఆఫీసుకి రమ్మని. నీకేటి కావాలో అడుగుతారట.”

“నన్నా?”

“నిన్నే.”

ఆవిడ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. చదవడం రాదు. “మా ముసలోడు ఉన్నన్నాళ్ళూ ఆయన్నే అడిగీవోరు. ఆయన పోనాక ఎవులూ ఏటీ అడగనేదు” అంది. వేలిముద్ర వేయించుకున్నాను. క్షమించమని అడిగాను. “నువ్వు ఆ దినం అబద్ధమాడితే నాను మాత్తరం ఏటి సేద్దును? ఆడనేదు కదా. ఊరుకో” అంది.

విచారణ రోజున కమిటీ వాళ్ళంతా కుర్చీల్లో కూర్చున్నారు. ఆవిడని కూడా కుర్చీలో కూర్చోబెట్టింది మేడమ్. ఉండనివ్వండి అని చేతులు జోడిస్తుందని అందరం అనుకున్నాం.

“నా గురించి ఏటుంది బాబూ, ఇంకెన్నాళ్ళుంటాను?” అంది అత్త. “నన్నుండమన్నా సరే, వొద్దన్నా సరే. నా తరవాత ఈటికి నీళ్ళు పోసీదెవులు? అది సెప్పండి ముందు. మడిసిని ఎయ్యండి. పని నాను నేర్పుతాను.”

షాపుల కోసం గట్టిగా వాదించిన పెద్దమనిషే ముందు నోరు విప్పాడు. “నేర్పాలంటే ఈవిడ అక్కడే ఉండాల గదా? రాసీండమ్మా.” ఆవిడ బతికున్నంత కాలం సావిడిలో ఉండవచ్చునని, బందెల దొడ్డికి మనిషిని వెయ్యాలని, రోడ్డు వైపు పొదలు తీసి పశువులకి నీడ కట్టాలని తీర్మానం రాశారు. మా గుమస్తా తన ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. ఎవరు చూశారు అని మేడమ్ అడగకముందే, “ఈ మారు నానే ఎల్లి సూసొచ్చేను మేడమ్” అన్నాడు.

ఏడాది తిరక్కుండానే మేడమ్‌కి బదిలీ అయింది. రెండేళ్ళు నిండి నేనూ రిటైరయ్యాను. దొడ్డిలో పనికి ఒకతన్ని వేశారు, మంచివాడే. అతనికి సెలవున్న రోజున తొట్టెలో నీళ్ళు పోసేది నేను. అత్త ఇప్పుడు మంచం మీంచే అజమాయిషీ. నిన్న కూడా తిట్టింది: “నిండా పొయ్యవే! సగం తొట్టె నింపి పారిపోతే నీ పైన మళ్ళీ కాగితం రాయిస్తాను!” నిండా పోసి వచ్చాను.

వెళ్ళండి ఇంక, పొద్దుపోతోంది. మీ ఇళ్ళు చల్లగా ఉండాలి. మీ గడప లోపల ఎవరూ అడిగే దిక్కు లేకుండా ఉండకూడదు. మీ వాళ్ళు తప్పు చేస్తే ఒప్పుకునే ధైర్యం, ఒప్పుకున్నవాళ్ళని కలుపుకునే మనసు ఆ దేవుడు మీ ఇంటిల్లిపాదికీ ఇవ్వాలి. మీ పొయ్యి మీద పాలు ఎప్పుడూ పొంగుతూ ఉండాలి, నా తల్లులూ, నా బాబులూ.